కండెమ్ దుప్పట్ల పొత్తిగుడ్డలు

రెండు వేల ఆరో సంవత్సరం, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో నన్ను జనరల్ వార్డు నుంచి కాన్పుల వార్డుకు మార్చారు. ఆర్డరులో పేరు సుగుణ, హోదా ఆయా, పని లినెన్ ఇన్‌చార్జి అని ఉందని మా పెద్దబిడ్డ చదివి చెప్పింది. లినెన్ అంటే దవాఖాన బట్టలు. దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గదిలో పరిచే ఆకుపచ్చ గుడ్డలు, పుట్టిన పిల్లల్ని చుట్టే పొత్తిగుడ్డలు. ఇన్‌చార్జి అన్నంత మాత్రాన జీతం పెరగదు. బట్ట పోతే అడిగేది నన్ను, అంతే. గోదావరిఖని నుంచి అవతల శ్రీరాంపూర్ దాకా ఈ బొగ్గుబాయిల పట్టీలో కంపెనీ దవాఖానలు చాలా ఉన్నాయి. నేను చెప్పేది ఏ దవాఖానో చెప్పను. ఇప్పుడు అక్కడ పనిచేసేవాళ్లకు ఈ సంగతితో సంబంధం లేదు, వాళ్లకెందుకు చెడ్డపేరు.

నా భర్త బాయిలో పైకప్పు కూలి పోయాడు. ఆయన పోయాక నాకు ఉద్యోగం ఇచ్చారు. బాయిలో చనిపోయినవాళ్ల ఇంట్లో ఒకరికి ఇచ్చే ఉద్యోగం అది. దయ కాదు, ప్రాణానికి బదులు. అయినా ప్రతి ఆఫీసరూ తన జేబులోంచి తీసి ఇచ్చినట్టే మాట్లాడేవాడు. నాకు సంతకం పెట్టడం వచ్చు. అంకెలు వచ్చు. బట్ట మూల మీది ముద్ర చూసి ఏ వార్డుదో చెప్పగలను. అంతకుమించి చదువు లేదు. ఇది కూడా నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది. నా కోపం తగ్గించి రాయొద్దని దానికి ముందే చెప్పాను.

దవాఖాన దుప్పటికి కూడా ఆయుష్షు ఉంటుంది. దోబీ ఉతుకుతాడు, ఆటోక్లేవు అనే ఆవిరి పెట్టెలో ఉడుకుతుంది, మళ్లీ మంచమెక్కుతుంది. కొన్నాళ్లకు నడుమ పలచబడి అంచుల్లో చిరుగు పడుతుంది. అలాంటివి నేను పక్కన పేర్చిపెట్టాలి. ఆరు నెలలకోసారి ఒక కమిటీ కూర్చుంటుంది. అందులో ఒక డాక్టరు, నర్సులందరి మీద అధికారి అయిన మేట్రన్, స్టోర్ కీపరు ఉంటారు. నేను ఒక్కో దుప్పటి ఎత్తి వెలుతురుకు పట్టి చూపిస్తే, పనికిరాదు అన్నదాని మీద స్టోర్ కీపరు ఎర్ర సిరాతో అడ్డగీత కొడతాడు. దీన్ని కండెమ్ చేయడం అంటారు. గీత పడ్డ దుప్పటిని వాళ్ల కళ్ల ముందే చింపాలి. ఎవరూ ఇంటికి పట్టుకుపోకుండా ఆ ఏర్పాటు. చింపిన గుడ్డలు కొన్ని నేల తుడవడానికి స్వీపర్ల చేతికి పోతాయి. వాటిని మాపు గుడ్డలు అంటాం. మిగిలినవి బాయిలర్ వెనక తగలబెడతారు. అచ్చమైన నూలు, అన్నిసార్లు ఉడికి వెన్నలా మెత్తబడ్డ బట్ట. అది మంటలో పోతుంటే ప్రతిసారీ నా కడుపు మండేది.

స్వరూప మా వార్డు స్వీపరు. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. కాంట్రాక్టు మనిషి, అంటే కంపెనీ జీతం కాదు, కాంట్రాక్టరు కూలి. పర్మినెంటు కార్మికుల భార్యలు కని లేచిన మంచాల కింద నెత్తురు తుడిచేది ఆమె. తనకు నొప్పులొస్తే మాత్రం ఆ మంచమెక్కే హక్కు ఆమెకు లేదు. కాంట్రాక్టు వాళ్లకు ఆ వార్డులో చోటు లేదు, సర్కారు దవాఖానకు పోవాల్సిందే. ఏడో నెల కడుపుతో పొద్దుటి షిఫ్టంతా వంగి వార్డు తుడిచేది. ఆమె భర్త రాజు ఓపెన్‌కాస్టులో, అంటే నేలను పైనుంచి తవ్వే బాయిలో, మట్టి తోలే టిప్పరు మీద క్లీనరు. బండి మీది నుంచి జారి పడి కాలు విరిగి మంచంలో ఉన్నాడు. అతనిదీ కాంట్రాక్టు పనే. ఇంట్లో పని చేయగలిగిన మనిషి కడుపుతో ఉన్న ఈ పిల్ల ఒక్కతే.

స్వరూపకు ఏమైనా ఇద్దామన్న మాట ముందు విమల సిస్టరు అన్నది. చిన్న వయసు నర్సు, మనసు మంచిది. డ్యూటీ గదిలో అందరూ తలా కొంత వేశారు. అక్కడి నుంచి మొదలైంది గోల. ఒకరు లేసు గౌను అన్నారు. ఒకరు పౌడరు, సబ్బు, నూనె కలిపి అమ్మే డబ్బా అన్నారు. ఒకరు పాలసీసా అన్నారు. ఎవరి పిల్లలకు కొన్నవి వాళ్లు గుర్తు చేసుకుంటున్నారే తప్ప స్వరూప ఇంట్లో ఏముందో, ఏం లేదో అడిగిన మనిషి లేదు. నాకు ఒళ్లు మండింది. ముందు నేను పోయి చూసొస్తాను, అప్పుడు కొందాం అన్నాను.

ఆదివారం చర్చి అయ్యాక సెంటినరీ కాలనీ పోయే బస్సెక్కి, మధ్యలో దిగి నడిచాను. ఓపెన్‌కాస్టు మట్టి గుట్టల పక్కన రేకుల ఇళ్లు. రాజు మంచం మీద ఉన్నాడు. స్వరూప అత్త లచ్చవ్వ బయట కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. నేను వచ్చిన పని చెబితే ఆమె మొహం మారిపోయింది.

"కొత్తబట్ట తేకు బిడ్డా. పురుడు అయ్యేదాక కొత్తది పడొద్దు పసిగుడ్డు మీద. పాత గుడ్డనే చుట్టాలె, గదే మాకు ఆనవాయితి."

పురుడు అంటే మా దిక్కు కాన్పు కాదు, పుట్టిన కొన్నాళ్లకు స్నానం చేయించి జరిపే వేడుక. ఆ ఆనవాయితీ నాకు తెలుసు. మేం ఏసును నమ్మినవాళ్లమైనా మా అమ్మ కూడా అంతే చేసింది. అందులో మూఢనమ్మకం ఒక్కటే లేదు. కొత్త బట్టకు గంజి ఉంటుంది, కొత్త బట్ట పసిదాని ఒంటికి గరగర గుచ్చుకుంటుంది. అయితే పాత గుడ్డలు చూపించమన్నాను. లచ్చవ్వ లేచి రేకు సందుగ తెరిచింది. అందులో ఉన్న చీరలన్నీ జారిపోయే పాలిస్టరువి. నీళ్లు పీల్చవు, చెమట పీల్చవు, నిప్పురవ్వ పడితే ఒంటికి అంటుకుపోతాయి.

"నూలు చీరలు మా ఇంట్ల ఎన్నడున్నయ్ అక్కా," అన్నది స్వరూప. "చవుకవి ఇవే గద."

మెత్తని పాత నూలు బట్ట పేదింట్లో ఉంటుందని అనుకునేవాళ్లు పేదిల్లు చూడనివాళ్లు. నూలు ఖరీదు. పాతదవ్వాలంటే ముందు కొత్తది కొనాలి కదా. ఆ చలికాలంలో పుట్టబోయే పిల్లను చుట్టడానికి ఆ ఇంట్లో చెయ్యెడు పనికొచ్చే గుడ్డ లేదు.

తర్వాతి వారం విమల సిస్టరూ నేనూ గోదావరిఖని బజారుకు పోయాం. దుకాణం వాడు గులాబిరంగు డబ్బా తీసి మూత తెరిచి చూపించాడు. విమల సిస్టరు కళ్లు మెరిశాయి.

"సిస్టరమ్మా, గీ డబ్బ పిల్లకా, ఫోటోకా?" అని అడిగాను.

ఆమె నవ్వి, "నీతోని వస్తే దుకాణపోడు ఏడుస్తడు అక్కా," అన్నది. కానీ డబ్బా పక్కన పెట్టేసింది. పౌడరు పసిపిల్లల ముక్కులోకి పోతుందని మా డాక్టరమ్మే వార్డులో రోజూ తిట్టేది. పాలసీసా వద్దన్నాను. దాన్ని పూటకోసారి ఉడకబెట్టాలి, ఆ ఇంట్లో అన్నం వండడానికే కట్టెలు చాలవు. తల్లి రొమ్ముకు పాలు రావాలంటే తల్లి కడుపుకు తిండి పడాలి, ఆ సీసా ధర పెసరపప్పు మీద పెట్టమన్నాను. మెడికల్ దుకాణంలో గజం రబ్బరు గుడ్డ కోయించాను. మేం మాకింటోష్ అంటాం, పక్క తడవకుండా కింద వేసేది. గుడ్డలు ఉడకబెట్టడానికి మూతున్న అల్యూమినియం గిన్నె తీసుకున్నాం. బార్ సబ్బు, కొబ్బరినూనె, గొడుగులా మడిచే చిన్న దోమతెర, తల్లికి రెండు నూలు లంగాలు. ఆ లంగాల మాట ఎవరికీ తట్టలేదు. కానుక అంటే అందరికీ పిల్లే గుర్తొస్తుంది, కన్న తర్వాత ఇరవై రోజులు నెత్తురు పోయే మనిషి గుర్తు రాదు. ఉన్ని టోపీ ఒకటి విమల సిస్టరు తన కొడుకు వేసుకుని విడిచినది ఉతికి ఇస్తానన్నది. పాతదే కాబట్టి లచ్చవ్వ కూడా కాదనదు.

ఇక మిగిలింది పొత్తిగుడ్డలు. వేసిన డబ్బులు అయిపోయాయి. పైగా కొని తెచ్చేవి పనికిరావు, పాతవే కావాలి.

నవంబరులో కండెమ్ కమిటీ కూర్చుంది. దుప్పట్లు చూపించి, గీతలు కొట్టించి, చింపడం మొదలుపెట్టే ముందు మేట్రన్ దగ్గరికి పోయి మెల్లగా అడిగాను. రెండు దుప్పట్లు స్వరూపకు పొత్తిగుడ్డలకు ఇస్తానమ్మా అన్నాను. ఆమె స్టోర్ కీపరు వైపు చూసి, ఆయన అటు తిరిగి ఉన్నాడని చూసుకుని చెప్పింది.

"చింపాక అవి దుప్పట్లు కావు సుగుణా, మాపు గుడ్డలు. మాపు గుడ్డలు స్వీపరు చేతికే కదా పోయేది. ఆమె వాటితో ఏం తుడుస్తుందో నేను వెంటపడి చూడను."

నేను దాన్ని అనుమతి అనుకున్నాను. పన్నెండేళ్లుగా ఆ దవాఖానలో నాకు అందిన ప్రతి ఆర్డరూ అలా నోటిమాటే. ఆ మంచం అటు జరుపు, ఈ పేషెంటును ఇటు తీసుకురా, రాత్రి డ్యూటీకి ఉండు. ఏదీ ఎవరూ రాసివ్వలేదు, నేనూ అడగలేదు. చదువు రానివాళ్లం మాటనే కాగితం అనుకుంటాం. అది నా తప్పు. చెప్పుకోవడానికి సిగ్గుపడను.

వాళ్ల కళ్ల ముందే చింపాను. నడుమ మరీ పలచబడ్డవి మాపు బకెట్లో వేసి, ఇంకా గట్టిగా మెత్తగా ఉన్నవి మూర మూర చదరంగా చింపి వేరు పెట్టాను. సబ్బుతో ఉతికి, ఆటోక్లేవులో పెట్టి, ఎండేసి, దారాలు వేలాడకుండా అంచులు కుట్టాను. మూల మీద కంపెనీ ముద్ర, దాని మీద ఎర్ర గీత అలాగే ఉన్నాయి. ఆ మూల కత్తిరించడం ఎంతసేపు? కత్తిరించాలన్న ఆలోచనే రాలేదు. దొంగిలించేవాళ్లకు వస్తుంది ఆ ఆలోచన.

శనివారం పొద్దుటి షిఫ్టు దిగేముందు డ్యూటీ గదిలో స్వరూపకు అన్నీ ఇచ్చాం. విమల సిస్టరు బొట్టు పెట్టింది. స్వరూప దోమతెర తెరిచి చూసి మడవడం రాక తిప్పలు పడుతుంటే అందరం నవ్వాం. పొత్తిగుడ్డలు ఒక్కొక్కటి చెంపకు ఆనించి చూసుకుంది. "గివి నేను తుడిచే గుడ్డలే గదక్కా, ఇంత మెత్తగుంటయని చేతికి తెల్వలేదు," అన్నది. గిన్నెలో సామాను పెట్టుకుని, గుడ్డల మూట చంకన పెట్టుకుని పోయింది.

గేటు దగ్గర ఆపారు. బయటికి పోయే ప్రతి కాంట్రాక్టు మనిషి సంచీ సెక్యూరిటీ గార్డు చూస్తాడు. పర్మినెంటు వాళ్లవి చూడడు. ఆ రోజు కొత్త గార్డు ఉన్నాడు. మూట విప్పి ముద్ర చూశాడు. కాంట్రాక్టరు సూపర్‌వైజరు నర్సయ్య అక్కడే ఉన్నాడు. దోబీ పరుగెత్తుకొచ్చి చెబితే నేను ఉరికాను. అప్పటికి పొత్తిగుడ్డలు గేటు ముందు సిమెంటు గచ్చు మీద పరిచి ఉన్నాయి, పక్కన ఏడు నెలలు దాటిన మనిషి నిలబడి ఉంది. అటూ ఇటూ పోయేవాళ్లు చూస్తున్నారు.

నేనే ఇచ్చానని చెప్పాను. గార్డు నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"కంపెనీ మాల్ ఇయ్యనీకి నువ్వెవలు?"

"గది మాల్ కాదు, మాపు గుడ్డ. మీరే ఆమె చేతికి ఇస్తరు రోజు."

"లోపట తుడువనీకి ఇస్తం. బయటికి పోతె దొంగతనం."

ఇదీ వాళ్ల న్యాయం. ఆ గుడ్డతో ఆమె కంపెనీ నేల మీది నెత్తురు తుడవచ్చు. తన బిడ్డ ఒంటి మీది నెత్తురు తుడవకూడదు. బాయిలర్ వెనక కాల్చి బూడిద చేయవచ్చు, అప్పుడు నష్టం లేదు. ఒక పసిగుడ్డు మీద కప్పితే కంపెనీకి నష్టం. 

మిగతా సామాను తిరిగిచ్చారు. గుడ్డల మూటకు సీలు వేసి సెక్యూరిటీ గదిలో పెట్టారు. నర్సయ్య ఆ రోజే స్వరూప పేరు మస్టరులోంచి, అంటే హాజరు పుస్తకంలోంచి కొట్టేశాడు. నాకు నాలుగు రోజుల్లో చార్జిషీటు వచ్చింది. చార్జిషీటు అంటే ఉద్యోగి మీద మోపిన నేరం రాసిన కాగితం. దానికి జవాబివ్వాలి, తర్వాత ఎంక్వైరీ జరుగుతుంది, దొంగతనం రుజువైతే ఉద్యోగం తీసేస్తారు. భర్త ప్రాణానికి బదులొచ్చిన ఉద్యోగం. పెద్దబిడ్డ ఇంటరు, చిన్నది తొమ్మిదో తరగతి. ఉద్యోగం పోతే కంపెనీ క్వార్టరు కూడా ఖాళీ చేయాలి.

యూనియన్ తరఫున మల్లేశన్న ఇంటికొచ్చాడు. మా దవాఖాన కార్మికుల నాయకుడు. జవాబు తానే రాయించుకొచ్చాడు, నేను అడిగితే చదివి వినిపించాడు. దుప్పట్లు రూలు ప్రకారం చింపి మాపు బకెట్లో వేశాను, కాంట్రాక్టు స్వీపరు సంచిలోకి అవి ఎట్లా పోయాయో నాకు తెలియదు, అని ఉంది.

"అన్నా, గిది అబద్ధం గద," అన్నాను.

"సుగుణక్కా, ఆమె నౌకరి ఎట్లాగు పోయింది. నీదన్న నిలువనియ్యి. పిల్లలున్నోళ్లు ధర్మం మాట్లాడొద్దు."

సంతకం పెట్టాను. ఎవరూ చెయ్యి పట్టుకుని పెట్టించలేదు. నేనే పెట్టాను. నా ఇద్దరు బిడ్డలు అవతలి గదిలో చదువుకుంటున్నారు, వాళ్ల గొంతులు వినబడుతుంటే పెట్టాను.

మూడో రోజు విమల సిస్టరు డ్యూటీకి రాగానే నన్ను పక్కకు పిలిచింది. నా జవాబు నకలు కాంట్రాక్టరుకు చేరిందట. కంపెనీ ఆయానే ఇవ్వలేదని రాసింది కాబట్టి ఇది దొంగతనమేనని వాళ్లు పోలీసు స్టేషనులో కాగితం ఇచ్చారట. కంపెనీకి తమ మీద అనుమానం రాకూడదని, తమ కాంట్రాక్టు నిలుపుకోవడానికి. స్వరూపను పొద్దున్నే స్టేషనుకు పిలిచారట.

డ్యూటీ మధ్యలో పోయాను. స్టేషను వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది, పక్కన లచ్చవ్వ. స్వరూప కాళ్లు వాచి చెప్పులు పట్టడం లేదు, విప్పి పక్కన పెట్టుకుంది. నన్ను చూసి లేవబోయింది. ఆమె లేవబోవడమే నన్ను ఎక్కువ కొట్టింది.

"అక్కా, నేను అడుగలేదు గద," అన్నది. "నువ్వే పిలిచి ఇస్తివి."

లచ్చవ్వ నా మొహం చూడలేదు. ఆమె తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

లోపలికి పోయి ఎస్సైకి చెప్పాను, ఆ గుడ్డలు నేనిచ్చాను, నా కాగితం అబద్ధం అని. మీ ఆఫీసులో ముందు ఆ మాట రాయించుకుని రమ్మన్నాడు. అయినా సాయంత్రానికి ఆమెను ఇంటికి పంపాడు. నేను అటు నుంచే ఉద్యోగుల కాగితాలు చూసే పర్సనల్ ఆఫీసుకు పోయి, నా జవాబు వాపసు తీసుకుంటున్నానని, మళ్లీ చెబుతాను రాయండని క్లర్కు ముందు కూర్చున్నాను. రేపు రమ్మన్నాడు. రేపు రాను, ఇప్పుడే రాయి అన్నాను. గంటసేపు కూర్చున్నాను. రాశాడు. రాసినదాన్ని అతనితో ఒకసారి, తలుపు దగ్గర నిలబడ్డ అటెండరుతో ఒకసారి చదివించుకుని అప్పుడు సంతకం పెట్టాను. దాని నకలు మరునాడు స్టేషనులో ఇచ్చాను. పోలీసులు స్వరూపను మళ్లీ పిలవలేదు.

మల్లేశన్న ఆ రోజు నుంచి నాతో మాట్లాడడం మానేశాడు.

ఎంక్వైరీ డిసెంబరు మొదటి వారంలో జరిగింది. వేరే ఏరియా నుంచి వచ్చిన పర్సనల్ ఆఫీసరు ఎంక్వైరీ ఆఫీసరు. కంపెనీ తరఫున మాట్లాడడానికి ఒకరు, నాకు తోడుగా నేను ఎంచుకున్న తోటి ఉద్యోగి ఒకరు ఉండవచ్చు. యూనియన్ నుంచి ఎవరూ రాలేదు. విమల సిస్టరు వచ్చింది. తన ఉద్యోగానికి ముప్పని తెలిసీ వచ్చింది. బల్ల మీద సీలు విప్పిన మూట పెట్టారు. అవేమిటని అడిగితే, మీరు లోపల చూస్తే మాపు గుడ్డలు, బయట చూస్తే పొత్తిగుడ్డలు అన్నాను. ఆఫీసరు తల ఎత్తలేదు. కంపెనీ ముద్ర ఉంది కదా, తెలిసే ఇచ్చావా అని అడిగాడు. దొంగతనంగా ఇస్తే ముద్ర ఉన్న మూల కోసేసేదాన్ని కదా సార్ అన్నాను. ముద్ర ఉన్నదని ఒప్పుకున్నట్టు రాసుకొమ్మని క్లర్కుకు చెప్పాడు. నేను నిర్దోషినని చూపించిన గుర్తునే వాళ్లు నేరానికి రుజువుగా రాసుకున్నారు.

అప్పుడు మేట్రన్‌ను పిలిచారు. ఇంత వయసు వచ్చిన మనిషి, ఇంత పెద్ద చదువు చదివిన మనిషి, కమిటీ గదిలో నాతో అన్న ఆ ఒక్క మాట ఒప్పుకుంటే చాలు. ఒప్పుకున్నా ఆమెకు ఏమీ కాదు, మందలింపుతో పోయేది.

"అలా చెప్పినట్టు నాకు గుర్తు లేదు," అన్నది. నా వైపు చూడకుండా అన్నది.

గుర్తు లేకపోవడం కాదు. గుర్తు ఉండబట్టే నా వైపు చూడలేదు.

తీర్పు ఇలా వచ్చింది. దొంగతనం రుజువు కాలేదు, నిర్లక్ష్యం రుజువైంది. పది రోజులు పని నుంచి నిలిపివేత, ఆ ఏడాది ఇంక్రిమెంటు కోత. కాంట్రాక్టు కార్మికురాలి సంగతి కాంట్రాక్టరుది, అందులో కంపెనీ జోక్యం చేసుకోదు. అంటే స్వరూప దొంగ కాదని తేలింది, కానీ ఆమె పని ఆమెకు రాలేదు. నర్సయ్య అప్పటికే ఆమె జాగాలో ఇంకొకామెను పెట్టుకున్నాడు. అబద్ధం రాయించినవాడికి ఏమీ కాలేదు. అబద్ధం ఆడినామెకు ఏమీ కాలేదు. నిజం చెప్పినదానికి కోత, అడగని కానుక తీసుకున్నదానికి కూలి పోయింది.

ఆ పది రోజులు నేను క్వార్టరులో ఊరికే కూర్చోలేదు. మా లైనులో ఇంటింటికీ పోయి పాత నూలు గుడ్డ అడిగాను. బాయికి పోయేవాళ్లు మెడకు చుట్టుకుని అరగదీసిన తువ్వాళ్లు, నూలు లుంగీలు, బనీన్లు ఇచ్చారు. ఎన్ని ఉతుకులు ఉతికినా బొగ్గు నలుపు నీడలా మిగిలింది కానీ మెత్తదనంలో దవాఖాన దుప్పటికి తీసిపోవు. అప్పుడు నామీద నాకే కోపమొచ్చింది. పక్కింటి దండెం మీద ఆరేసినవి నాకు ముందే ఎందుకు తట్టలేదు? పన్నెండేళ్లు దవాఖానలో ఉండి, ముద్ర ఉన్న గుడ్డే శుభ్రమైనదన్న బుద్ధి నాకూ పట్టేసింది. పౌడరు డబ్బా ఎంచుకున్న సిస్టర్లను కసురుకున్నదాన్ని, నేనూ నాకు అలవాటైనదాన్నే ఎంచుకున్నాను. మధ్యలో ఒక గేటు ఉందని చూడలేదు.

ఆ గుడ్డలు చింపి, సబ్బునీళ్లలో ఉడకబెట్టి, ఎండేసి తీసుకుపోయాను. లచ్చవ్వ చేతిలో పెడితే ఒక్కొక్కటి విప్పి చూసి సందుగలో పెట్టుకుంది. డిసెంబరు ఆఖరులో సర్కారు దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. పురుడు దాకా ఆ తువ్వాళ్లలోనే పెరిగింది. నన్ను పురుడుకు పిలవలేదు. పిలవాల్సిన పని లేదు. స్వరూప తర్వాత బట్టల దుకాణంలో ఊడ్చే పనికి కుదిరిందని విన్నాను. బజారులో ఎదురైతే బాగున్నవా అక్కా అని అడుగుతుంది, ఆగదు.

సీలు వేసిన మూట ఆరు నెలల తర్వాత మళ్లీ కమిటీ ముందుకు వచ్చింది. కేసు ముగిసింది కాబట్టి మాపు గుడ్డల కింద ఇచ్చేయమన్నారు. అంచులు కుట్టిన ఆ చదరాలతో కొత్త స్వీపరు ఆ వారమంతా కాన్పుల వార్డు తుడిచింది.

తెలంగాణ రావడానికి ఏడాది ముందు నేను రిటైరయ్యాను. కానుక విషయంలో ఈ సంగతి నాకు నేర్పింది ఇంతే: లేనివాళ్లకు ఇచ్చేది ఏదైనా నువ్వు కొన్నదో నీ ఇంటిదో అయి ఉండాలి. ఇంకొకరి ముద్ర ఉన్న వస్తువు ఇస్తే శిక్ష ఇచ్చిన చేతికంటే తీసుకున్న చేతికి ఎక్కువ పడుతుంది. ఉద్యోగం విషయంలో నేర్పింది వేరు. తర్వాత పనిచేసిన ఏడేళ్లూ, రూలుకు బయట ఏ అధికారి ఏ పని చెప్పినా వార్డు పుస్తకం తెరిచి ముందు పెట్టి, రాసివ్వండి అన్నాను. ఇద్దరు మేట్రన్లు, నలుగురైదుగురు డాక్టర్లు, ఒక స్టోర్ కీపరు. మొండిదని పేరు పెట్టారు. రాసింది ఒక్కరూ లేరు. పెన్ను చూడగానే ప్రతి ఒక్కరూ, వద్దులే పో అన్నారు. నోటిమాటగా చెప్పేవాళ్లు మరిచిపోయి కాదు, తెలిసే అలా చెబుతారని నాకు అప్పుడు రూఢి అయింది.